పేదరికం చాల్లేదు

"పేదరికం చాల్లేదయ్యా. ఇంకాస్త మసి పూయండి," అన్నాడు డైరెక్టర్ పట్టాభిరామయ్య.

పన్నెండు మంది పిల్లలు తలకు నూనె రాసుకుని, ఉతికిన బట్టలు వేసుకుని వచ్చారు. మేకప్ మనిషి వాళ్ళ చెంపలకు బొగ్గుపొడి రుద్దాడు. తర్వాత తలా ఒక సుత్తె చేతికిచ్చారు.

1991 ఏప్రిల్. ఫిలింనగర్ కొండమీద సర్కారువారి సినిమా తీస్తున్నారు. పిల్లలు పనికి కాదు, బడికి పోవాలని చెప్పే సినిమా.

పొద్దున్నే జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటు శౌరి, రాళ్ళు కొట్టేవాళ్ళ గుడిసెల దాకా వ్యాను తోలించి, బిర్యానీ పెడతామని చెప్పి వీళ్ళను ఎక్కించుకొచ్చాడు.

తొమ్మిదిన్నరకు ఒకావిడ రొప్పుతూ కొండెక్కి వచ్చింది.

"నేను వీళ్ళ టీచర్నండీ. పదింటికి ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష. పిల్లల్ని పంపించెయ్యండి."

"మధ్యాహ్నం పంపిస్తాం," అన్నాడు పట్టాభిరామయ్య.

"అప్పటికి పరీక్ష అయిపోతుందండీ."

"చూడండమ్మా, మేం తీసేదీ చదువు గురించే."

ఆ మాట అంటున్నప్పుడు అతనికి సిగ్గు వెయ్యలేదు.

ఆమె అక్కడే గొడుగు కింద కూర్చున్న పెద్దమనిషి దగ్గరికి వెళ్ళింది. ఆయన అచ్యుతరామయ్య. రాష్ట్రానికి కొత్త బడి పథకం రాసిన కమిటీకి పెద్ద. ఈ సినిమాకు సలహాదారు.

"మీరైనా చెప్పండి సార్. ఆ గుడిసెల నుంచి ఏడో తరగతి దాకా వచ్చిన మొదటి పిల్లలు వీళ్ళు. ఇవాళ తప్పితే వీళ్ళ అయ్యలు మళ్ళీ సుత్తే చేతికిస్తారు."

ఆయన కొబ్బరినీళ్ళు తాగుతూ విన్నాడు.

"ఎమోషనల్ కాకండి టీచర్‌గారూ. ఈ సినిమా చూసి లక్షలమంది బడిలో చేరతారు. పాలసీ అన్నాక లక్షల్లో ఆలోచించాలి."

"ఆ లక్షల్లో ఈ పన్నెండుమంది లేరాండీ?"

అచ్యుతరామయ్యకు ఒళ్ళు మండింది. ఏ బడి అని గాని, పేరేమిటని గాని అడగలేదు. చెయ్యి ఊపాడు. ప్రొడక్షన్ వాళ్ళు ఆమెను షూటింగు చుట్టూ కట్టిన తాడు అవతలికి పంపేశారు.

కొమురమ్మ అనే పిల్ల సుత్తె కింద పెట్టింది.

"గీ పని నేను మానేసి అయిదేండ్లయింది సార్. పరీక్షకు పోతా."

పట్టాభిరామయ్య అసిస్టెంటు వైపు తిరిగాడు.

"ఆ డైలాగ్ బాగుంది. రాసుకో."

ఒంటిగంటకు షాట్ ఓకే అయింది. అంతసేపూ ఎండలో నిలబడ్డ పంతులమ్మ పిల్లల్ని వెంటపెట్టుకుని కొండ దిగింది. పిల్లలెవరూ బిర్యానీ ముట్టలేదు. ఛీ అనుకోవాల్సిన సంగతేమిటంటే, ఆ పొట్లాలు కూడా యూనిట్ వాళ్ళే పంచుకు తిన్నారు.

భోజనాలయ్యాక అచ్యుతరామయ్య మొహానికి పౌడరు అద్దించుకుని కెమెరా ముందు కూర్చున్నాడు.

"ఈ పథకం నా గొప్ప కాదు. షేక్‌పేట బడిలో మార్తమ్మగారని ఒక ఉపాధ్యాయురాలు ఉన్నారు. పదకొండేళ్ళు గడపగడపా తిరిగి, ఏ బిడ్డ బడి ఎందుకు మానేసిందో, మళ్ళీ ఎలా వచ్చిందో రాసి మాకు పంపారు. మా రిపోర్టుకు ఆ పరిశోధనే పునాది. ఆ తల్లిని కళ్ళారా చూసే భాగ్యం నాకింకా కలగలేదు."

షేక్‌పేట ఆ కొండ కిందే. కారులో పది నిమిషాలు. ఆమె పదకొండేళ్ళు గడపలు తిరిగితే, ఆయనకు ఆ పది నిమిషాలు దొరకలేదు మరి.

పట్టాభిరామయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆవిడనూ ఒక షాట్‌లో పెడదాం సార్," అని వెంటనే షేక్‌పేటకు కారు పంపాడు.

గంట తర్వాత కారు ఖాళీగా తిరిగొచ్చింది.

"రానన్నది సార్. పరీక్ష సెంటర్ గేటు కాడ ఆ పన్నెండుమంది పిల్లల్తోని నిలబడ్డది," అన్నాడు డ్రైవర్ తల దించుకుని. "పొద్దుగాల మనం తాడు అవతలికి పంపినమే, ఆమెనే మార్తమ్మ టీచర్."