కరగని కొవ్వు

శనివారం రాత్రి అన్నం మానేసి, దానికి బదులు మూడు పళ్ళేల ఉప్మా తింటే దేవుడు దాన్ని ఉపవాసమని ఒప్పుకుంటాడా అన్న అనుమానం గణపతిరావుకి పదేళ్ళుగా ఉంది. దేవుడెప్పుడూ పలకలేదు. చివరికి విశాఖపట్నంలో కాలేయం డాక్టరు తేల్చి చెప్పాడు.

“నూనె మానేసినాను బాబూ. నెయ్యి మానేసినాను. రాత్రిళ్ళు అన్నం కూడా మానేసినాను. మరి కొవ్వెందుకు తగ్గలేదు?”

“అన్నానికి బదులు ఏం తింటున్నారు?”

“ఉప్మా అండి. ఉత్త కడుపుతో నిద్ర పట్టదు కదా.”

డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“బియ్యమైనా, గోధుమ నూకైనా లోపలికెళ్ళాక చక్కెరేనండీ. ఖర్చు కాని చక్కెర కాలేయంలో కొవ్వై కూర్చుంటుంది. నూనె ఒక్కటీ మానేసి పళ్ళెం నిండా పిండి తింటే ఏం లాభం? ఇంత కొవ్వు పట్టిన కాలేయంలోంచి ముక్క కోసి మీ చెల్లెలికి పెడితే ఆవిడా దక్కదు, మీరూ దక్కరు. ఆరు వారాలు చూస్తాను. అంతకు మించి ఆవిడకీ వ్యవధి లేదు.”

ఇంట్లో చెల్లెలితో రక్తం గ్రూపు కలిసింది గణపతిరావుకొక్కడికే. నరసన్నపేట దగ్గర ఊళ్ళో, అతని ఇంటి వెనక గదిలోనే ఆ చెల్లెలు అసిరమ్మ, కాలేయం చెడి, మంచం పట్టి ఉంది. కళ్ళు పసుపు కొమ్ముల్లా ఉన్నాయి. కాళ్ళు ఉబ్బిపోయాయి.

ఆ రోజు నుంచి గణపతిరావు అన్నం ముట్టలేదు. ఉప్మా, అట్టు, బెల్లం, అరటిపండు, అన్నీ ఒట్టేసి వదిలేశాడు. ఉడికించిన ఆకుకూరలు, గుడ్లు, మజ్జిగ. ఆకలికి కళ్ళు తిరిగితే ఉలవజావ. ఉలవలు కొవ్వు కరిగిస్తాయని ఊరంతా చెప్పింది. డాక్టరు కూడా, “సరే, ఓ గ్లాసు తాగండి” అన్నాడు.

“వదిన అడుగంటించేస్తాది. అన్నియ్యకి జావ నానే కాస్తాను” అని అసిరమ్మ పట్టుబట్టింది. గోడ పట్టుకుని పొయ్యి దగ్గరికొచ్చేది. ఆవిడ అందిస్తే వద్దనడానికి నోరు రాక, గ్లాసుకి బదులు చెంబెడు తాగేవాడు. పొద్దున్నొకటి, సాయంత్రమొకటి. తాగుతూ, ‘ముఖలింగేశ్వరా, నా సెల్లిని నాకొగ్గీ తండ్రీ’ అనుకునేవాడు.

ఆరు వారాలయ్యాయి. మళ్ళీ స్కానింగు, మళ్ళీ రక్తపరీక్ష.

డాక్టరు కాగితాలు రెండుసార్లు చూశాడు. “కొవ్వు తగ్గకపోగా పెరిగింది. రక్తంలోనూ పెరిగింది. మీరు అన్నం తింటున్నారు.”

“దేవుడి తోడండి, మెతుకు ముట్టలేదు!”

“దేవుడి సంగతి నాకు తెలీదు. రిపోర్టు అబద్ధం చెప్పదు. ఇంక మీ కాలేయం పనికిరాదు. ఆవిణ్ణి ఇంట్లోనే ఉంచి, ఇష్టమైనవి పెట్టండి.”

గణపతిరావు బస్సు దిగి నేరుగా ఇంటికెళ్ళాడు. ఇంటి గడప దాటుతూనే కాగితాల కవరు పెళ్ళాం మొహాన విసిరాడు.

“ఒసే రాజకుమారీ! కూరలో ఏటి కలిపినావు? నిజం సెప్పు!”

“నానేటి కలుపుతాను? ఆ ఉడకేసిన తోటకూర సూసి పిల్లలు నవ్వుతన్నారు!”

“నన్ను కోస్తారని నీకు బయం. నాను పోతే నువ్వూ పిల్ల గుంటలూ ఏటయిపోతారని. అందుకే సేసినావు.”

“బయమే! కాదన్నానా? రేత్రీ పగలూ బయమే!” రాజకుమారి కింద పడ్డ కాగితాలు ఏరింది. “అయినా పైడితల్లమ్మ తోడు, సుక్క నూనె ఎయ్యలేదు.”

“నా సెల్లిని సంపీసినావే నువ్వు!” అని అతను చెయ్యెత్తాడు.

“అన్నియ్యా! వదిన్నొగ్గీ.”

వెనక గది గుమ్మంలో అసిరమ్మ. నిలబడలేక అక్కడే కూలబడింది.

“వదిన కలపలేదు. నాను కలిపినాను. జావలో ఒక వంతే ఉలవపిండి. మూడొంతులూ బియ్యప్పిండి.”

గణపతిరావు ఎత్తిన చెయ్యి దించాడు.

“ఎందుకే? బతకాలని లేదేటే నీకు?”

“ఉంది. సానా ఉంది. గానీ ఆ ఆపరేసను బల్ల మీంచి నువ్వు దిగకపోతే? ఈ గుంటలకి నానేటి సెప్పాల?” అసిరమ్మ గుమ్మానికి చేరగిలబడింది. “పంటలు పోయిన ఏడాది నాకు ఐదేళ్ళు. అమ్మ నీ కంచంలో ఏసిన అన్నం నా కంచంలోకి తోసీసి, నువ్వు గంజి తాగీవోడివి. మరిసిపోయినాననుకున్నావేటి? ఆ అన్నం నీకు తిరిగెట్టీసినాను అన్నియ్యా.”