గరికలో సాలెపురుగు

“ఆపప్పా! స్వామిని నీళ్ళలో దించొద్దు!”

పద్మావతి కేకకు నాగరాజ్ చేతులు గాలిలోనే ఆగిపోయాయి. బొమ్మనహళ్ళి సందు చివర నిమజ్జనం లారీ నిలబడి ఉంది. దాని మీద పెద్ద నీళ్ళ తొట్టె. వరుసలో వచ్చే వినాయకులను అందులోకి దించడం నాగరాజ్ పని.

“ఏమైంది అజ్జీ?” అని ఆ ముసలామెను అడిగాడు.

“గరికలో సాలెపురుగు ఉండాది. చూడు.”

ఆమె కొడుకు లలిత్ వంగి చూశాడు. గరిక తప్ప ఏమీ కనిపించలేదు. పద్మావతి వేలు పెట్టి చూపించాక, స్వామి మెడలోని గరికదండలో ఒక పొడవాటి పరక మీద కనిపించింది. నాలుగు కాళ్ళు ముందుకీ నాలుగు వెనక్కీ చాచి, పరకలో పరకలాగా అతుక్కుని ఉంది. పొట్ట కింద తెల్లటి గుడ్ల సంచి.

“ఓస్, ఇంతేనా! ఊదితే పోతాదిలేమ్మా.”

“పోదు. పుస్తకంలో చదివినా. ఇది గూడు కట్టే రకం కాదు, గడ్డిలో పరుగెత్తి వేటాడే రకం. అంత పరుగు పెట్టేదీ గుడ్లు పెట్టినాక మాత్రం వాటిని విడిచి అడుగు కదలదు. నీళ్ళలో ముంచినా అట్లే పట్టుకోని చస్తాది.”

“అయితే ఆ పరక తీసి ఏదన్నా గడ్డిలో పెడదాం.”

“ఎక్కడుండాది నాయనా గడ్డి? చూపించు, పెడతా.”

లలిత్ చుట్టూ చూశాడు. సిమెంటు రోడ్డు, వరుసగా బైకులు, కరెంటు స్తంభం కింద చెత్త. గడ్డిపోచ లేదు.

వెనక వరుసలో ఎవరో అరిచారు. “సార్, మా పిల్లోళ్ళు నిద్రపోతుండారు. బేగ కానీయండి!”

“అజ్జీ, ఐదో దినం అయిపాయె. పూజ చేసి కదిలించేసినారు. ఇంక ఇంటికి తీసుకుపోకూడదు,” అన్నాడు నాగరాజ్.

“కదిలించినోళ్ళం మళ్ళీ కూర్చోబెట్టలేమా? తొమ్మిదో దినం లేదా? లోకాలన్నీ కడుపులో మోసే స్వామికి ఒక తల్లిని నాలుగు దినాలు మోసేది బరువా?” పద్మావతి గొంతు ఎక్కడా తడబడలేదు. “లేదంటావా, ముంచు. గుడ్లతో ఉండే తల్లిని ముంచిన పాపం నీ చేతికే అంటుకుంటాది.”

నాగరాజ్ చటుక్కున విగ్రహాన్ని లలిత్ చేతుల్లో పెట్టేశాడు. “నాకొద్దు తల్లీ! తీసుకుపోండి.”

వరుసలో ఉన్న ఒకావిడ వినాయకుడికి దండం పెట్టి, పనిలో పనిగా సాలెపురుగుకు కూడా పెట్టింది.

దారంతా లలిత్ సణుగుతూనే విగ్రహాన్ని మోశాడు. ఇంటికి రాగానే దాన్ని తల్లి చేతికిచ్చి, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. కోడలు ఆశ మళ్ళీ దీపం వెలిగించి, సాలెపురుగు కోసం గరికలోకి తొంగి చూసింది.

“అత్తా, ఈ పరక మనం కొన్న గరికది కాదే! దారంతో కట్టినట్టుండాది.”

“ష్! నీ మొగుడు వింటాడు,” అంది పద్మావతి, స్వామిని పీట మీద సర్ది కూర్చోబెడుతూ. “ఈయన్ని అప్పుడే పంపించేకి మనసు రాక, పొద్దున చెరువుగట్టంతా వెదికితే సాలెపురుగుండే పరక ఈ ఒక్కటే దొరికింది.”