మామయ్యగారి మకాం

"ఆయన్ని ఊరు దాటించడానికి నేనొప్పుకోను!" అత్తగారు గరిటెను ఠంగుమని గిన్నెలో పడేసింది. నిన్నటి నుంచీ ఇంట్లో ఇదే గొడవ.

"మా విభాగం మూసేస్తున్నారు అత్తయ్యా. ఇక్కడ మామయ్యని చూసుకునేవాళ్ళే ఉండరు," అంది కోడలు, టిఫిను డబ్బా మూత నొక్కుతూ.

"ఇన్నాళ్ళూ నువ్వేగా చూసుకున్నావు!"

నిజమే. కోడలు ఉద్యోగం చేసే చోటే మామగారి మకాం. సాయంత్రం ఆమె చెప్పులు విప్పకముందే అత్తగారి ప్రశ్న సిద్ధంగా ఉంటుంది. "ఎలా ఉన్నారు?"

"బాగున్నారు. వెచ్చగా ఉన్నారు. ఇవాళ ఆహారం మార్చాను."

అది విన్నాకే అత్తగారికి టీ గొంతు దిగుతుంది.

"పక్కనున్న వాళ్ళంతా ఒక్కొక్కరే జారుకున్నారు. మామయ్య ఒక్కరే పట్టు వదల్లేదు," అని కోడలు నచ్చజెప్పబోయింది.

"మొండిఘటం! కదలమంటే కదిలే మనిషేనా?" అత్తగారి గొంతులో కోపం కంటే గర్వమే ఎక్కువ.

"నాన్నతో ప్రయాణమంటే, ఆయన తయారయ్యేలోపు బండి వెళ్ళిపోతుంది," కొడుకు నవ్వాడు.

"నువ్వూరుకోరా! దారిలో ఆ చలికి తట్టుకుంటారా అని నేను చస్తుంటే..."

"తట్టుకుంటారత్తయ్యా. నేనే దగ్గరుండి పంపిస్తాను."

మనవరాలు ఫోనులోంచి తలెత్తింది. "నానమ్మా, తాతయ్య జబ్బే ఉన్న పిల్లలు ఆయన్ని పంపే ఊరి ఆసుపత్రిలో బోలెడుమంది. తాతయ్య వెళితే, అది ఎక్కడ మొదలవుతుందో డాక్టర్లకి అంతు చిక్కుతుందట."

"డాక్టర్లకి చిక్కుతుందే తల్లీ. ఆయనెలా ఉన్నారో సాయంత్రం నాకెవరు చెబుతారు?"

కోడలు మూతపడ్డ డబ్బానే మళ్ళీ నొక్కింది.

అత్తగారు పొయ్యి కట్టేసింది. "పిల్లలంటే... ఎంతెంత వాళ్ళు?"

"నడక కూడా రానివాళ్ళున్నారట," అంది మనవరాలు.

అత్తగారు చేతులు తుడుచుకుంది. అందరి ముఖాలూ ఓసారి చూసింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది:

"సరే, పంపించెయ్యవే అమ్మాయ్... మనిషి పోయి ఏళ్ళయింది, నువ్వు ల్యాబులో ఎలుక కణంలో పెట్టి పెంచుతుంటే మిగతావన్నీ జారిపోగా మిగిలిన ఆయన క్రోమోజోమ్ ఒక్కదాంతో నేను మాత్రం ఎన్నాళ్ళని కాపురం చెయ్యను!"