పొగడ్త పాట

"తిట్టు పాటలా? మా వియ్యంకుని ముందరా? నాలుక కోస్తా ఎల్లక్కా!"

కేశవప్ప అరుపుకు షామియానాలో వడ్డించేవాళ్ళు సైతం ఆగిపోయారు. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు అప్పుడే బంతిలో కూర్చుంటున్నారు. వాళ్ళను పెళ్ళికూతురి వైపు ఆడవాళ్ళు పాట కట్టి వెక్కిరించడం ఆ ఊరి ఆచారం. ఎల్లక్క నోట్లో పడని వియ్యంకుడు ఆ హగరి ఊళ్ళో లేడు.

"తిట్లు కాదప్పా, సరసం. పిల్ల తరఫున అడిగే నోళ్ళు ఉండాయని వాళ్ళకు తెలియాల. నవ్వుతా మాట పడితేనే వియ్యంకుడు."

"మాధవప్పకు నూరు లారీలు ఉండాయి. యశ్వంతనగర్ గనుల్లో ఆయన మాటే మాట. ఆయన్ను పట్టుకోని తిండిపోతు, బొజ్జోడు అని పాడతావా? అదంతా బేడ, వద్దు! గొప్పోడు, దాత, దొర అని పొగుడు."

ఎల్లక్క అతన్ని ఎగాదిగా చూసింది. ఎనిమిది వేళ్ళకు ఎనిమిది ఉంగరాలు. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట! వీడికి గనుల ఎర్రమన్ను కళ్ళలోనే కాదు, బుర్రలో కూడా పడిందనుకుంది. ఉమ్మెయ్యాలన్నంత రోత పుట్టింది.

పెళ్ళికూతురు చంద్రిక ఆమె చెయ్యి పట్టుకుంది. "అవ్వా, పాట లేకుండా పంపితే నన్ను దిక్కులేనిదాన్ని అనుకోరా?"

ఎల్లక్క మళ్ళీ అతని వైపు తిరిగింది. "కేశవప్పా, పొగిడే పాట నాకు ఒగటే వచ్చు. అది..."

"ఒగటి సాకు, చాలు! పాడు."

"యాడ పాడేదో ఇనుకో ముందు."

"నాకే నేర్పిస్తావా? ఈడే పాడు. రేయ్, మైకు ఈమెకు ఇయ్యండ్రా!"

"పాడమంటివి, పాడతా," అంది ఎల్లక్క. కొంగు బిగించి, మైకు ముందు చతికిలబడింది.

"నూరు బండ్ల దొరవే మాధవప్పా... అడిగితే లేదనని చెయ్యివే మాధవప్పా... ఊరికి పెద్ద దిక్కువే మాధవప్పా..."

ఒక్కో గుణం చెప్పి, పేరు దగ్గర గొంతు సాగదీసింది. కేశవప్ప గర్వంగా తల ఊపుతూ తాళం వేశాడు. ముసలమ్మలు చెంపలు వేసుకున్నారు. మాధవప్ప నోటి దాకా వచ్చిన ముద్ద విస్తట్లో పడింది.

రైలు ఆలస్యమై అప్పుడే స్టేషన్ నుంచి నడిచి వస్తున్న మాధవప్ప అక్క సిద్ధమ్మ వీధి మలుపులో ఆ పాట వింది. రొమ్ము బాదుకుంటూ పందిట్లోకి పరుగెత్తుకొచ్చింది:

"అయ్యో నా తమ్ముడా! ఎప్పుడు పోతివిరా!"