ఇసుక గుంటకు కాపలా

పొద్దుగుంకే వేళ గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కిన సముద్రపు తాబేలుకి రేవు కుక్క తోకాడిస్తూ ఎదురొచ్చింది.

"తీర రక్షణ సంఘానికి అధ్యక్షుణ్ణి నేనే! నువ్వు గుడ్లు పెట్టేసి నిశ్చింతగా వెళ్లక్కా, కాపలా నాది" అంది.

మాటైతే తేనెలానే ఉంది. కానీ కాపలాదారు మూతికి అంత ఇసుక ఎందుకంటిందో తాబేలుకి అంతుబట్టలేదు.

"నీది చల్లని మనసు తమ్ముడూ" అంటూనే గుంట తవ్వింది, పూడ్చింది, పొట్టతో ఇసుక చదును చేసి నీళ్లలోకి జారుకుంది.

తెల్లారి తాబేలు అలల్లోంచి తలెత్తేసరికి కుక్క ఒడ్డున ఒకటే మొరుగుడు.

"మోసం! దగా! ఆ గుంటలో ఒక్క గుడ్డయినా లేదు!"

"పెట్టనిదాన్ని కనుక నాకు తెలుసు. పైన కాపలా కాసినవాడివి, నీకెలా తెలిసింది తమ్ముడూ?" అంది తాబేలు.