దిబ్బ మీద గుంట

అడిగి తీసుకున్న మంచినీళ్ళను ఆ మనిషి గుమ్మం పక్కనే ఉమ్మేశాడు.

కుట్టుమిషనామె తొక్కుతున్న కాలు ఆపి చూసింది. గుక్కెడు నోట్లో పోసుకున్నాడు. కాసేపు బుగ్గన ఉంచుకున్నాడు. పక్కకు తిరిగి ఉమ్మాడు.

“ఏమయ్యా, మా నీళ్ళు అంత చేదుగా ఉన్నాయా?”

“చేదు కాదమ్మా, ఉప్పు. పక్కింటి కంటే మీ ఇంట్లో కాస్త ఎక్కువ.”

కూరలో ఉప్పెక్కువైందన్నంత మామూలుగా చెప్పి, గ్లాసు తిరిగిచ్చి, వెనక వీధికి వెళ్ళాడు. అక్కడా అదే పని. పొద్దు వాలేసరికి ఊరందరి నీళ్ళూ ఉమ్మి, ‘ఉమ్మాయన’ అని పేరు తెచ్చుకున్నాడు.

ఊరికి ఒళ్ళు మండదూ మరి!

సముద్రం ఏటేటా ముందుకొస్తోందని, ఊరు ఖాళీ చేయమని పై అధికారుల నుంచి అప్పటికే ఒకటే పోరు. నీళ్ళు తాగడానికి పనికిరావని తేలిన రోజున లారీలు పంపిస్తామని కూడా చెప్పి పోయారు. ఇప్పుడు ఇతనొచ్చి ఇల్లిల్లూ రుచి చూస్తున్నాడు. ఎందుకు చూస్తున్నాడో ఒకరు విడమరచి చెప్పాలా?

మర్నాడు అతను మళ్ళీ కనబడగానే కుట్టుమిషనామె అడ్డంగా నిలబడింది. నిండుగ్లాసు అతని ఎదుటే ఎత్తి, రెప్పవేయకుండా తాగేసింది.

“చూశావుగా. వెళ్ళి మీవాళ్ళకు చెప్పుకో.”

“నాకిప్పుడు మావాళ్ళంటూ ఎవరూ లేరమ్మా,” అన్నాడు. “మీరు మాత్రం ఆ నీళ్ళు అలా తాగకండి.”

ఆ మాట ఆమె పట్టించుకోలేదు.

వలలు దాచే పాత షెడ్డులో అతను చాప పరుచుకున్నాడు. ఎక్కడో ఒక పార కొనుక్కొచ్చి, ఊరి వెనకున్న ఇసుకదిబ్బ ఎక్కి తవ్వడం మొదలుపెట్టాడు.

తవ్వడం ఊరికి కొత్త కాదు. నీళ్ళు ఉప్పగా అనిపించినప్పుడల్లా బోరు ఇంకాస్త లోతుకు దించడమే అక్కడివాళ్ళకు తెలిసిన వైద్యం. ఇతను మాత్రం నడుము లోతు రాగానే పార పక్కన పెట్టి, అంచులకు చెక్కలు కట్టడం మొదలుపెట్టాడు.

కుట్టుమిషనామె అత్తగారు పనిగట్టుకుని దిబ్బ ఎక్కి చూసింది.

“దీన్ని బావంటారా నాయనా? మా మేకపిల్ల పడినా ఒక్క గెంతులో బయటికొచ్చేస్తుంది.”

అతనూ నవ్వాడు. ఇసుకలో ఇంకిన వాననీరు కింది ఉప్పునీటి మీద, పాల మీద మీగడలా తేలి ఉంటుందని చెప్పాడు. పైపైన తీసుకోవాలట. లోతుకు పోయినకొద్దీ ఉప్పును మనమే పిలుచుకున్నట్టట. ఇంటి కప్పుల నీళ్ళు కూడా దిబ్బకు మళ్ళించి, బోర్లు ఆపేస్తే మంచిదట.

అత్తగారు ఇంటికొచ్చి అంతా చెప్పింది. కోడలి చెవిన పడింది మాత్రం చివరి ముక్క ఒక్కటే. ఇవాళ బోర్లు ఆపిస్తే రేపు లారీలు వస్తాయి.

ఆడవాళ్ళందరూ కలిసి వెళ్ళి గుంట పూడ్చేశారు.

పొద్దున్నే అతను మళ్ళీ తవ్వాడు. వీళ్ళు మళ్ళీ పూడ్చారు. అతను పని మానలేదు. చివరికి కుట్టుమిషనామె ఆ పార పట్టుకొచ్చి తన మిషను కింద దాచేసింది.

అతను కాసేపు వెతుక్కున్నాడు. ఆ తరవాత మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో తవ్వాడు.

“మేం పుట్టింది ఇక్కడే, ఉండేదీ ఇక్కడే,” అంది ఆమె అందరూ వింటుండగా. “వెళ్ళాల్సింది నువ్వు.”

అతను గోళ్ళలోని ఇసుక దులుపుకున్నాడు.

“ఆ మొదటి మాటే కదమ్మా నేనూ అన్నది,” అని మధ్యాహ్నం బస్సెక్కి వెళ్ళిపోయాడు. సగం గుంట అలాగే ఉండిపోయింది. అతని పేరు ఎవరూ అడగలేదు.

వానలు పడ్డాయి. వాటి వెనకే పెద్ద పోటొచ్చి సముద్రం వీధుల దాకా నడిచొచ్చింది. అది వెనక్కి పోయాక కుట్టుమిషనామె బోరు కొట్టి గ్లాసు నోటికెత్తింది.

తనకు తెలియకుండానే గుమ్మం పక్కన ఉమ్మేసింది.

అత్తగారు బిందె తీసుకుని దిబ్బవైపు నడిచింది. కోడలు వెనకే వెళ్ళింది. సగం గుంటలో నీళ్ళు తేటగా నిలిచి ఉన్నాయి. దోసిలి పట్టి నోట్లో పోసుకుంది. ఈసారి ఉమ్మలేదు. అత్తగారి చేతిలోని బిందె అందుకుని ముంచింది.

లారీలు వచ్చేసరికి ఊరంతా దిబ్బ మీదే ఉంది. ఆమె మిషను కింది పార బయటికొచ్చింది. ఒక గుంట పక్కన ఇంకో గుంట పడుతోంది. ఏదీ నడుము లోతు దాటలేదు.

లారీలతో వచ్చిన అధికారికి ఆమె గ్లాసు అందించింది.

“తాగి చూడండి. ఆ తరవాత లారీలు తిప్పుకోండి. మేం ఎక్కడికీ రాం.”

అధికారి చివరి చుక్కదాకా తాగాడు. చెక్కలు కట్టిన మొదటి గుంటను చాలాసేపు చూశాడు. డ్రైవర్లకు చెయ్యి ఊపి, లారీలు వెనక్కి తిప్పమన్నాడు.

“ఈ పని మీకు నేర్పినాయన ఎక్కడున్నాడు?”

“వెళ్ళగొట్టాం,” అంది అత్తగారు. “మమ్మల్ని ఖాళీ చేయించడానికొచ్చాడనుకున్నాం.”

కుట్టుమిషనామె పార మీంచి చెయ్యి తీయలేదు.

“మిమ్మల్ని ఖాళీ చేయించే కాగితం మీద సంతకం పెట్టనని ఉద్యోగం వదిలేసి వచ్చాడమ్మా,” అన్నాడు అధికారి మెల్లిగా, “ఇప్పుడు నేను కూర్చుంటున్నది ఆయన కుర్చీలోనే.”