ఎర్మెజిందాకు రుజువు

"ఆ పేరు జాబితాలో లేదమ్మాయ్," అన్నాడు వాల్దెమీరు, మూడోసారి కూడా.

డౌరో నది ఒడ్డున ఉన్న ఆ చిన్న పట్నంలో ముప్పై ఏళ్లుగా ప్రతి బిడ్డ పేరూ ఆయన బల్ల మీదుగానే పోవాలి. ప్రభుత్వం ఒప్పుకున్న పేర్ల జాబితా ఆయనకు కంఠోపాఠం. అందులో లేని పేరు కావాలంటే, పూర్వం ఎవరో ఆ పేరుతో బతికినట్టు కాగితం చూపించాలి.

ఇలీదియా చంకలో పాప. పుట్టిన ఇరవై రోజుల్లో పేరు రాయించాలి. ఇవాళ ఇరవయ్యో రోజు. ద్రాక్ష కోతలు కావడంతో మొగుడికి తీరిక లేదు. ఎర్మెజిందా తప్ప ఇంకో పేరు పెట్టేది లేదని ఆమె భీష్మించుకుంది.

మొదటిసారి ఆయన అర్థం అడిగాడు. వెయ్యేళ్ల పైమాట, జర్మన్ తెగలు ఈ దేశాన్ని ఏలినప్పటి పేరు, 'పెద్ద ప్రయాణం' అని అర్థం అంది ఇలీదియా.

"ఇంచుమించు ఇదే పేరుతో రైల్వే స్టేషన్ కూడా ఉంది. బిడ్డకు పేరు పెడుతున్నావా, టికెట్ కొంటున్నావా?"

పక్క బల్ల గుమాస్తా జెనొవేవా నవ్వాపుకోలేక ఫైలు అడ్డం పెట్టుకుంది.

రెండోసారి, అలాంటి మనిషి ఉండేదని ఎవరు చెప్పారని అడిగాడు. మా ఆయన చెప్పాడంది. నోటిమాట చెల్లదన్నాడు. హాయిగా మరియా అని పెట్టుకొమ్మని ఉచిత సలహా కూడా పారేశాడు.

ఇవాళ ఇలీదియాకు ఒళ్లు మండింది.

"మరియాలు మా వీధిలోనే పదకొండుమంది ఉన్నారు, వాల్దెమీరు గారూ. ఈ పేరున్నావిడ పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు పెట్టకపోతే ఇక ఆ పేరు పిలిచేవాళ్లే ఉండరు."

"కాగితం ఉందా?"

ఉంది. ఏటి అవతలి చర్చిలో ఫాదరును బతిమాలి, ఎలుకలు కొరికిన రిజిస్టరులోంచి జ్ఞానస్నానం నకలు రాయించుకొచ్చింది. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. తేదీ చూశాడు. సీలు చూశాడు. వంక పెట్టడానికేమీ దొరకలేదు. పేరు దగ్గర వేలు కాసేపు ఆగింది.

తర్వాత పెద్ద పుస్తకం తెరిచి, ఒక్కో అక్షరం దిద్దినట్టుగా ఆ పేరు రాశాడు. ఇలీదియా కళ్లు తుడుచుకుంది.

సంతకం దగ్గరికి వచ్చేసరికి ఆయన కలానికి మూత పెట్టి, పుస్తకాన్ని పక్క బల్ల మీదికి జరిపాడు.

"ఇక్కడ నువ్వు చెయ్యి జెనొవేవా, మా అమ్మ పేరు నా మనవరాలికి పెడుతుంటే నేను సంతకం చేయడానికి రూలు ఒప్పుకోదు."